బాగుచేసిన వాల్వుతో ఇరవై ఏళ్ళు

వాల్వు ఆపరేషన్ అనగానే మన ఇళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది ఒకటే కథ. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిన పిన్నికో మేనత్తకో ముప్పై దాటకుండానే ఆయాసం మొదలవడం, ఆపరేషన్ చేసి లోహపు వాల్వు పెట్టడం, ఆ తర్వాత జీవితాంతం రక్తాన్ని పలచబరిచే అసిట్రోమ్ మాత్రలు, ఆ మందు మోతాదు సరిచూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు, మందు పని తగ్గుతుందని గోంగూర ముట్టుకోవాలన్నా భయం. ఆ కథ అబద్ధం కాదు. మన దేశంలో వాల్వు జబ్బులకు దశాబ్దాలుగా పెద్ద కారణం ఆ కీళ్ళజ్వరమే, అంటే రుమాటిక్ జ్వరం. అది వాల్వును గట్టిపరిచి, రెక్కల్ని అతికించేస్తుంది కాబట్టి చాలామందికి వాల్వు మార్చక తప్పేది కాదు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసి 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు అలాంటి ఎందరినో బతికించింది.

కానీ సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో ఉండే మీకు డాక్టరు చెప్పింది ఆ జబ్బు కాదు. మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అన్నారు, లీకు ఎక్కువగా ఉందన్నారు, రిపేరు చేయొచ్చన్నారు. మీరు ఆ రాత్రే గుంటూరుకో వరంగల్‌కో ఫోన్ చేస్తారు. అవతలివాళ్ళు పిన్ని కథ చెబుతారు. పాపం, వాళ్ళకు తెలిసింది అదే. ఇక్కడే చాలామంది ఆరు నెలలో ఏడాదో పోగొట్టుకుంటారు. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ ఫోన్ కాలే. మీ జబ్బు వేరు, మీ ఆపరేషన్ వేరు, దాని తర్వాత మీరు గడపబోయే ఇరవై ఏళ్ళు కూడా వేరు. ఆ ఇరవై ఏళ్ళు ఎలా ఉంటాయన్నది ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నారు, ఎంత చక్కగా జరిగింది, ఆ తర్వాత చెకప్‌లకు వెళ్తున్నారా లేదా అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ మూడింటిలో రెండు మీ చేతిలో ఉన్నవే.

మైట్రల్ వాల్వు గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దానికి ముందొకటి, వెనకొకటి రెండు రెక్కలు. వాటిని కింది గది కండరాలకు కట్టి ఉంచే సన్నటి దారాలు. ప్రొలాప్స్‌లో రెక్క మెత్తబడి సాగుతుంది, దారం సాగుతుంది లేదా తెగుతుంది. గుండె నొక్కుకున్నప్పుడు ఆ రెక్క గాలివానకు తిరగబడిన గొడుగులా పై గదిలోకి ఉబ్బుతుంది, సందులోంచి రక్తం వెనక్కి తన్నుతుంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో ప్రొలాప్స్ ఉంటుంది. వాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏ వైద్యమూ అక్కర్లేదు. లీకు తీవ్రమయ్యే కొద్దిమంది గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం.

సర్జన్ ఏం చేస్తారో కాస్త దగ్గరగా చూద్దాం. గుండెను ఆపి, పై గదిని తెరిచి, చిన్న కొక్కెంతో ఒక్కో దారాన్ని ఎత్తి చూస్తారు. ఏది సాగింది, ఏది తెగింది, రెక్కలో ఏ ముక్క ఉబ్బింది? చెడిన ముక్కను కోసి అంచుల్ని కలిపి కుడతారు, లేదా తెగిన దారం స్థానంలో గోర్‌టెక్స్ దారం వేస్తారు. వానకోట్లలో వాడుతూ వచ్చిన గోర్‌టెక్స్, ఈ దారం ఒకే జాతి పదార్థంతో చేసినవే. తర్వాత వాల్వు చుట్టూ రింగు కుడతారు. కింది గదిలోకి సెలైన్ నీరు నింపి రెక్కలు కలిసి మూసుకుంటున్నాయో లేదో చూస్తారు. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాక, ఆహారనాళంలో ఉంచిన ఎకో (అల్ట్రాసౌండ్) గొట్టంతో లీకు కొలుస్తారు. లీకు మిగిలితే చాలామంది మంచి సర్జన్లు అక్కడికక్కడే గుండెను మళ్ళీ ఆపి సరిచేస్తారు. ఆ నిమిషంలో తెర మీద కనిపించే లీకు ఎంత అన్నది మీ భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ పద్ధతులకు పునాది వేసినవాడు పారిస్‌లోని అలేన్ కార్పెంటియర్. 1983లో ఆయన ప్రచురించిన వ్యాసం తర్వాతే ప్రపంచవ్యాప్తంగా సర్జన్లు మార్చడం నుంచి బాగుచేయడం వైపు తిరిగారు.

అంకెలు చదివే పద్ధతి

ఇంటర్నెట్‌లో వెతికితే అంకెలు దొరుకుతాయి. వాటిని చదవడం తెలియకపోతే రాత్రి నిద్ర పట్టదు, అందుకే ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను.

కార్పెంటియర్ బృందం 1970 నుంచి 1984 మధ్య ఆపరేషన్ చేసిన 162 మందిని ఇరవై ఏళ్ళకు పైగా గమనించి 2001లో ఫలితాలు ప్రకటించింది. వెనక రెక్క ఒక్కటే చెడినవారిలో, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ వాల్వుకు రెండో ఆపరేషన్ అక్కర్లేనివారు దాదాపు 97 శాతం. ముందు రెక్క చెడినవారిలో అది 86 శాతం, రెండూ చెడినవారిలో 83 శాతం. ఇంతవరకు చదివితే ధైర్యం వస్తుంది. అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది: ఇరవై ఏళ్ళకు బతికున్నవారు 48 శాతం. అది చూసి గుండె జారిపోతుంది. కానీ ఆపరేషన్ నాటికి వాళ్ళ సగటు వయసు 56. ఇరవై ఏళ్ళు కలిపితే 76. అదే వయసువాళ్ళలో, వాల్వు జబ్బే లేని సాధారణ జనంలో కూడా బతికుండే పాళ్ళు దాదాపు అంతేనని ఆ బృందమే తేల్చింది. అంటే వాళ్ళలో చాలామంది వాల్వు వల్ల పోలేదు, వయసు వల్ల పోయారు. తీవ్రమైన గుండె లీకు ఉన్న మనిషి, అది లేని మనిషంత కాలం బతకడం! ఏ ఆపరేషన్ నుంచైనా మనం కోరుకోగలిగింది అంతే.

కెనడాలో టొరంటో సర్జన్ టిరోన్ డేవిడ్ బృందం 1985 నుంచి వాల్వులు బాగుచేసిన 1,234 మంది లెక్కను 2019లో ప్రచురించింది. ఇరవై ఏళ్ళలో రెండో ఆపరేషన్ అవసరమైనవారు 4.6 శాతం. లీకు మళ్ళీ ఒక మోస్తరుగానో తీవ్రంగానో వచ్చినవారు 12.5 శాతం. గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినవారు దాదాపు మూడోవంతు.

ఈ మూడంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ఆపరేషన్ అరుదు. లీకు తిరిగి రావడం అంతకంటే ఎక్కువ. లయ తప్పడం వాటన్నిటికంటే చాలా ఎక్కువ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టుకోకపోతే గుండె గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్ళి పక్షవాతం తేవచ్చు. పట్టుకుంటే మందులతో అదుపులో ఉంటుంది. కాబట్టి చెకప్‌కు వెళ్ళేది వాల్వు ఒక్కదాని కోసమే కాదు. "బాగానే ఉన్నాను కదా, ఈ ఏడాదికి మానేద్దాం" అనుకునేవాళ్ళు ఈ మూడో అంకెను మరిచిపోతున్నారు.

బాగుచేయడానికీ మార్చడానికీ తేడా కూడా చిన్నది కాదు. ప్రొలాప్స్ వల్ల దారం తెగినవారిని ఇరవై ఏళ్ళు గమనించిన పెద్ద యూరప్–అమెరికా పరిశీలన 2017లో వచ్చింది. వాల్వు బాగుచేసినవారిలో ఇరవై ఏళ్ళకు 46 శాతం బతికుంటే, మార్చినవారిలో 23 శాతమే ఉన్నారు. మార్చినవాళ్ళు మొదటినుంచీ కొంచెం పెద్దవాళ్ళు, ఎక్కువ జబ్బుపడినవాళ్ళు. ఆ తేడాల్ని సరిచేసి లెక్కగట్టినా బాగుచేయడమే మెరుగని తేలింది.

ఆయాసం వచ్చేదాకా ఆగకండి

"నాకేం ఆయాసం లేదు, ఆఫీసుకు వెళ్ళొస్తున్నాను, ఇప్పుడెందుకు ఆపరేషన్?" ఈ ప్రశ్న సహజం. కానీ చోవా చూ కాంగ్‌లో బతికే మనిషికి ఆయాసం ఎలా తెలుస్తుంది? హెచ్‌డీబీ ఫ్లాట్ల బ్లాకులో లిఫ్టు ఉంది, బస్టాపు దాకా నీడ పట్టిన దారి, స్టేషన్లో ఎస్కలేటర్, ఆఫీసులో మళ్ళీ లిఫ్టు. రోజంతా ఒక్క మెట్టు ఎక్కకుండా గడిచిపోతుంది. రెండేళ్ళ కిందట లాట్ వన్ మాల్ నుంచి ఇంటికి సరుకుల సంచులతో నడిచి వచ్చినవాళ్ళు ఇప్పుడు ఆన్‌లైన్లో తెప్పించుకుంటుంటే, అది తీరిక లేకా, ఓపిక లేకా? ఈ సంగతి భార్యనో భర్తనో అడగండి, వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది. డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష రాసేది కూడా ఇందుకే.

ఇంకో మోసం కొలతలోనే ఉంది. గుండె ఎంత బలంగా నెడుతోందో చెప్పే ఇజెక్షన్ ఫ్రాక్షన్ మామూలు మనిషికి 55 శాతం ఉన్నా బాగుందంటారు. లీకు ఉన్న గుండెకు ఆ లెక్క పనికిరాదు. అది నెట్టే రక్తంలో కొంత వెనక్కి, ఒత్తిడి తక్కువగా ఉన్న పై గదిలోకి సులువుగా పోతుంది. పని తేలికయ్యేసరికి అంకె పెద్దగా కనిపిస్తుంది. వాల్వు బాగుచేశాక ఆ సులువు దారి మూసుకుపోతుంది, అప్పుడు అసలు బలం బయటపడుతుంది. అందుకే అమెరికన్ మార్గదర్శకాలు ఇజెక్షన్ ఫ్రాక్షన్ 60కి దిగినా, గుండె నొక్కుకున్నప్పుడు కింది గది వ్యాసం 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకపోయినా సరే ఆపరేషన్ చేయమంటాయి. రిపేరు నిలబడుతుందన్న నమ్మకం ఉన్న మంచి కేంద్రంలో అయితే, అంతకంటే ముందే చేయించుకోవడం కూడా సమంజసమే. తెగిన దారంతో లీకున్న 1,021 మంది లెక్క 2013లో వచ్చింది. తొందరగా చేయించుకున్నవారిలో పదేళ్ళకు 86 శాతం బతికుంటే, ఆగి చూద్దామన్నవారిలో 69 శాతం ఉన్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లీకు తీవ్రం, వెనక రెక్క చెడింది, సర్జన్ అనుభవజ్ఞుడు అన్న మూడూ కుదిరితే పిల్లల పరీక్షలు, ప్రాజెక్టు గడువులు, ముహూర్తాలు చూసుకుంటూ వాయిదా వేయకండి. వాయిదా వేసిన ఒక్కో ఏడూ గుండె కండరానికే బరువు. ఒకసారి సాగిపోయిన కండరం అన్నిసార్లూ వెనక్కి రాదు.

చోవా చూ కాంగ్ నుంచి రెండు పెద్ద కేంద్రాలకు రైల్లో వెళ్ళొచ్చు. జురాంగ్ ఈస్ట్‌లో మారి అవుట్రమ్ పార్క్ చేరితే నేషనల్ హార్ట్ సెంటర్. బ్యూనా విస్టాలో ఇంకోసారి మారి కెంట్ రిడ్జ్ చేరితే నేషనల్ యూనివర్సిటీ హార్ట్ సెంటర్. పాలీక్లినిక్ రిఫరల్‌తో సబ్సిడీలో వెళ్తే డాక్టరును ఎంచుకునే వీలు ఉండదు. ప్రశ్నలు అడిగే హక్కు మాత్రం ఉంటుంది. చెడింది ఏ రెక్క? ఏడాదికి ఇలాంటి రిపేర్లు ఎన్ని చేస్తారు? లోపలికి వెళ్ళాక రిపేరు కుదరక మార్చాల్సివచ్చింది ఎందరికి? మార్చాల్సివస్తే ఏ వాల్వు పెడతారు? మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. చిన్న కోతతోనా, రొమ్ము ఎముక కోసా అన్నది తర్వాతి మాట. మచ్చ పొడవు చూసి సర్జన్‌ను ఎంచుకోకండి. హైదరాబాద్‌లో చేయించుకుందామా అనుకునేవాళ్ళు కూడా ఇవే ప్రశ్నలు అక్కడా అడగాలి, ఆ తర్వాత ఏటేటా చూసేది ఎవరో ముందే తేల్చుకోవాలి.

మొదటి మూడు నెలలు

ఈ మూడు నెలలకూ ఇరవై ఏళ్ళ ఫలితానికీ సంబంధం తక్కువే కానీ ఇంట్లో గొడవలు ఎక్కువగా అయ్యేది ఇప్పుడే. రొమ్ము ఎముక కోసి ఉంటే అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు బియ్యం బస్తా, చంటిబిడ్డ, నీళ్ళ క్యాను ఏదీ ఎత్తకూడదు. రొమ్ము కోయకుండా పక్కనుంచి చేస్తే త్వరగా తేరుకుంటారు. ఊరి నుంచి అమ్మో అత్తయ్యో సాయానికి వస్తారు. వాళ్ళ ప్రేమంతా "కదలకు నాయనా, పడుకో" అన్న మాటలో ఉంటుంది. మీరు మాత్రం నడవాలి. మొదటి వారం బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో, తర్వాత చోవా చూ కాంగ్ పార్కులో, నెల గడిచాక డాక్టరు సరేనంటే పాంగ్ సువా పార్క్ కనెక్టర్ మీద. ఎండ ఎక్కకముందు ఉదయం పూట మేలు. అత్తయ్యను కూడా వెంట తీసుకెళ్ళండి. వాదించి ఒప్పించడం కంటే అది సులువు, ఆవిడకూ కాలక్షేపం. ఆసుపత్రి కార్డియాక్ రిహాబ్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. సింగపూర్ హార్ట్ ఫౌండేషన్ కూడా వెల్‌నెస్ సెంటర్లు నడుపుతోంది.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి గుండె లయ తప్పుతుంది. అది రిపేరు చెడిందన్న గుర్తు కాదు. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకు కోపం, చదివింది గుర్తుండకపోవడం కూడా మామూలే. రెండు నెలలు దాటినా తగ్గకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే, దాచుకునేది కాదు. రక్తాన్ని పలచబరిచే మందు కొందరికి మూడు నెలలు, కొందరికి ఆస్పిరిన్ మాత్రమే. లయ సమస్య ఉన్నవాళ్ళకే ఎక్కువ కాలం. వార్ఫరిన్ ఇచ్చిన ఆ కొన్ని నెలల్లో కూడా గోంగూర, తోటకూర పూర్తిగా మానేయక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినండి, మోతాదు మార్చితే ముందే చెప్పండి.

ఆ తర్వాతి ఏళ్ళు

ఇంటికి వచ్చే ముందో, ఒకటి రెండు నెలలకో తీసే ఎకో మీకు కొలబద్ద. ఇక మీదట ఏ ఎకో వచ్చినా దీనితోనే పోల్చాలి. ఎకో గదిలో ఎడమవైపు తిరిగి పడుకున్నప్పుడు తెర మీద రంగులు కనిపిస్తాయి. ఎరుపంటే ప్రోబ్ వైపు వచ్చే రక్తం, నీలమంటే దూరంగా పోయేది. ఆపరేషన్‌కు ముందు గుండె నొక్కుకున్న ప్రతిసారీ పై గదిలోకి చిమ్మిన ఆ రంగురంగుల ధార ఇప్పుడు లేకపోవడమో, సన్నటి గీతలా మిగలడమో చూస్తారు. రిపోర్టులో చూసుకోవాల్సింది లీకు ఎంత, ఇజెక్షన్ ఫ్రాక్షన్ ఎంత, కింది గది సైజు ఎంత, రింగు వల్ల వాల్వు బిగుసుకుందా అన్నవి. పోయినసారి "స్వల్పం" అన్నది ఈసారి "ఒక మోస్తరు" అయితే కారణం అడగండి. మొదటి ఏడాదిలోనే లీకు పెరిగితే కుట్టులోనో దారంలోనో ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ. పదేళ్ళకు పెరిగితే రెక్కల్ని సాగదీసే ఆ జబ్బే మిగతా భాగంలో ముదిరి ఉండే అవకాశం ఎక్కువ. ఏడాదికా, రెండేళ్ళకా, ఎప్పుడు రమ్మన్నా ఆ గడువు తప్పకండి. ఊరికి వెళ్ళే టికెట్లు ఆ తేదీ చూసుకునే బుక్ చేయండి. బీపీ ఎక్కువైతే రెక్కల మీద, దారాల మీద రోజూ అదనపు భారం పడుతుంది, కాబట్టి ఇంట్లో మిషన్‌తో కొలుచుకోవడం అలవాటు చేసుకోండి.

పళ్ళ విషయం మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. సింగపూర్‌లో ఖర్చని, సెలవులకు వెళ్ళినప్పుడు రూట్ కెనాల్, క్లీనింగ్ అన్నీ ఊళ్ళో చేయించుకునేవాళ్ళం మనం. మీ గుండెలో ఇప్పుడు రింగు ఉంది. చిగుళ్ళ నుంచి రక్తంలోకి చేరిన క్రిములు ఆ రింగు మీద గూడు కట్టుకుంటే వాల్వునే తినేస్తాయి. ఇరవై ఏళ్ళ రిపేరును ఒక్క నెలలో పాడుచేయగల జబ్బు అది. అందుకే పన్ను పీకడం, చిగుళ్ళు కదిలేలా శుభ్రం చేయడం లాంటి పనికి అరగంట నుంచి గంట ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ వేసుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్ళకు తప్ప మామూలుగా పెద్దవాళ్ళకు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ రాస్తారు. పళ్ళ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి. రింగు కంపెనీ, సైజు, ఆపరేషన్ తేదీ ఉన్న కార్డు ఫొటో ఫోన్లో పెట్టుకోండి.

జ్వరం విషయంలోనూ ఇంతే. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చిపెట్టుకున్న యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ స్ట్రిప్ చాలా ఇళ్ళలో ఉంటుంది. కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులు దాటితే ఆ స్ట్రిప్‌ను ముట్టుకోకండి. ముందే మందు వేసుకుంటే రక్తంలోని క్రిమి కల్చర్ పరీక్షకు దొరకదు, అసలు జబ్బు వారాల తరబడి దాగిపోతుంది. క్లినిక్‌కు వెళ్ళి, "నాకు మైట్రల్ రింగు ఉంది, ముందు బ్లడ్ కల్చర్ తీయండి" అని అడగండి.

లీకు మళ్ళీ వచ్చిందంటే అంతా అయిపోయినట్టు కాదు. కొన్నిటిని మళ్ళీ బాగుచేయొచ్చు, కొన్నిటిని మార్చాలి. ఆపరేషన్‌ను తట్టుకోలేనివారిలో తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్ళి రెండు రెక్కల్నీ క్లిప్పుతో కలిపే పద్ధతి కూడా ఉంది. ఇటలీ సర్జన్ ఒటావియో ఆల్ఫియేరి 1991లో కుట్టుతో మొదలుపెట్టిన ఆలోచనే అది. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ళ ఎకోను బట్టి తేలుతుంది.

డబ్బు గురించి ఒక్క మాట. పౌరులకు, శాశ్వత నివాసులకు (పీఆర్) మెడిషీల్డ్ లైఫ్ బీమా, మెడిసేవ్ పొదుపు ఉన్నాయి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళకు కంపెనీ బీమాయే ఆధారం. ఉద్యోగం మారేముందు కొత్త బీమా పాత జబ్బును, ఎకోలను కవర్ చేస్తుందా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. జీతం పెంపు కన్నా ఈ జవాబే ఎక్కువ విలువైనది కావచ్చు.

చివరిగా తోబుట్టువులు, పిల్లలు. కొన్ని కుటుంబాల్లో ప్రొలాప్స్ వారసత్వంగా వస్తుంది. ఊళ్ళో ఉన్న అక్కనో తమ్ముడినో డాక్టరు దగ్గరకు వెళ్ళి గుండె చప్పుడు వినిపించుకోమనండి, అనుమానం ఉంటే ఒక ఎకో తీయించుకోమనండి. రిపోర్టు మీకు వాట్సాప్‌లో పంపమని చెప్పి, వచ్చే చెకప్‌లో మీ డాక్టరుకు చూపించండి.